తొంభై దగ్గర పరిచిన కర్చీఫులు

పోయిన వారం మనం సుమారుని కంప్యూటరు ముందు నోరు తెరిపించి వదిలేశాం. పాపం, వారం రోజులుగా ఆ నోరు అలాగే ఉంది. ఇప్పుడైనా మూయిద్దామంటే సందర్భం కలిసిరావడం లేదు. ఇంకాస్త తెరిపించాల్సి వచ్చేలాగే ఉంది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఏ అంకె చెప్పినా ముందు 'సుమారు' అని తగిలిస్తాడు కాబట్టి ఆయనకి ఆ పేరు. కన్నవాళ్ళు సుకుమారుడని ముద్దు చేస్తే, లోకం మధ్యలో 'కు' కత్తిరించి సుమారుడితో సరిపెట్టింది. ఉద్యోగం బ్రెడ్డు ఫ్యాక్టరీలో. రేపు ఏ కొట్టుకి ఎన్ని బ్రెడ్లు పంపాలో ఇవాళే అంచనా కట్టడం పని. తెల్లవారుజామున వెళ్ళి మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు. మిగిలిన పూటంతా ఇంకో అంచనా. నిపుణుల వలస శాఖ నెలనెలా పెట్టే పట్టిక ముందేసుకుని, ఈసారి ఎన్ని పాయింట్లవాళ్ళ దాకా ఆహ్వానం వస్తుందో ముందుగానే చెప్పేస్తాడు. ఆ జోస్యం కోసం ఫోను గ్రూపులో మూడు వందల ఇరవైమంది కాచుకుని ఉంటారు.

పద్ధతి తేలికే. వయసుకి ఇన్ని, చదువుకి ఇన్ని, అనుభవానికి ఇన్ని, భాషా పరీక్షకి ఇన్ని అని పాయింట్లు. ఈ పరాయి దేశంలోనే స్థిరపడాలనుకునేవాళ్ళు 'ఆసక్తి పత్రం' వేస్తారు. నెలకోసారి శాఖవాళ్ళు ఎక్కువ పాయింట్ల దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతూ ఐదు వందల ఆహ్వానాలు పంచుతారు. పాయింట్లు సమానమైతే ముందు వేసినవాళ్ళు ముందు. ఐదు వందలూ ఎక్కడ అయిపోతే అక్కడ కటాఫ్. దాని కింద ఉన్నవాళ్ళకి కటకటాఫ్.

ఆ కింద ఉన్నది సుమారు మరదలు. అంటే భార్య చెల్లెలు. ఆస్పత్రిలో స్కానింగ్ టెక్నీషియను. ఎనభై ఐదు పాయింట్లు. ఇంకో పదకొండు రోజుల్లో ఆమెకి ముప్ఫై మూడు నిండుతాయి. నిండిన రోజునే వయసు పద్దులోంచి ఐదు పాయింట్లు రాలిపోతాయి. ఇక్కడ పనిచేసే పర్మిట్టు వచ్చే నెలాఖరు దాకానే. ఈ విడతలో పిలుపు రాకపోతే పెట్టె సర్దుకోవడమే.

పోయిన నెల పట్టిక చూసి సుమారు ఆమెకి ధీమాగా చెప్పాడు. "తొంభై, ఆపైన సుమారు మూడొందల పదిమంది. మిగిలిన నూట తొంభై ఆహ్వానాలూ ఎనభై ఐదువాళ్ళవే. వాళ్ళలో నువ్వు సుమారు నూట నలభయ్యో మనిషివి. కాలు మీద కాలేసుకుని కూర్చో." ఆ మాట మీద ఆమె భాషా పరీక్ష మళ్ళీ రాయడం మానుకుంది. కష్టపడి దొరికించుకున్న పరీక్ష సీటు ఎవరికో వదిలేసింది.

ఇవాళ కొత్త పట్టిక వచ్చింది. తొంభై, ఆపైన: 1,270.

పట్టిక చూసి సుమారుకి పట్టు తప్పింది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు. అంకె కూడా తుడుచుకుని కూర్చున్నట్టు ఇంకా స్పష్టంగా కనబడింది. పక్క పేజీలో ఉదయం తొమ్మిదింటికి జరిగిన విడత ఫలితం ఉంది. ఆహ్వానాలు 500. కటాఫ్ 90. ఎనభై ఐదు వరసలో సున్నా.

గణాంకాలు చెవుల్లో గణగణ మోగాయి.

మూడో అంతస్తు వాటా అది. వంటగదిలోనే భోజనాల బల్ల. కిటికీ పక్కన ఆయన భార్య కుట్టుమిషను. ఆవిడ కొట్టువాళ్ళు పంపే ప్యాంట్లూ గౌన్లూ పొడుగు చేయడం, పొట్టి చేయడం, బిగించడం, వదులు చేయడం చేస్తుంది. ఆ పూట ఎవరిదో నల్ల ప్యాంటు కాలి మడత విప్పుతూ, చిన్నగా ఏదో కూనిరాగం తీస్తోంది. తొమ్మిదేళ్ళు విడివిడిగా ఉండి, రెండేళ్ళ కిందటే చెల్లెలు ఈ ఇంటి ముందుగదిలోకి వచ్చాక ఆవిడకి ఆ రాగం వచ్చింది.

తలుపు తీసుకుని మరదలు వచ్చింది. ఆస్పత్రి నీలం బట్టల్లోనే ఉంది. మెడలో గుర్తింపు కార్డు కూడా తీయలేదు.

"విడత అయిందట కదా బావా. మా రిసెప్షనిస్టు చెప్పింది. నాకేం మెయిల్ రాలేదు. లేటవుతుందా?"

సుమారు బల్ల అంచు పట్టుకున్నాడు. అంచనాలో అంచు ఒక్కటే అప్పుడు చేతికి దొరికింది.

"కూర్చో అమ్మా."

"నిలబడే వింటా. చెప్పు."

"తొంభై దగ్గరే ఆగిపోయింది."

"తొంభై దగ్గర మూడొందల పదే అన్నావు."

"పన్నెండొందల డెబ్భై ఉన్నారు. నెల రోజుల్లో ఎక్కడినుంచి ఊడిపడ్డారో తెలీట్లేదు."

ఆమె కార్డు తాడు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. చుట్టడం అయిపోయింది గానీ ఆ వేలు మాత్రం ఆగలేదు.

అప్పుడు కాలింగ్ బెల్ మోగింది. వచ్చినవాడు గ్రూపులో పాత శిష్యుడు, ఏసీ మెకానిక్కు. ముప్ఫై ఐదేళ్ళుంటాయి. చేతిలో కేకు డబ్బా, మొహంలో వెయ్యి క్యాండిళ్ళ వెలుగు.

"గురువుగారూ, నాలుగొచ్చాయండి."

"ఏం నాలుగు?"

"ఆహ్వానాలండీ. పొద్దున నిచ్చెన మీదుండి గ్యాసు నింపుతున్నా. ఫోను వరసగా నాలుగుసార్లు టింగుమంది. మూడోదానికే కిందికి దిగిపోయాను. నాలుగోది నేల మీద నిలబడి తీసుకున్నా."

"నీకు నాలుగేంటి? నీకెన్ని పాయింట్లు?"

"ఎనభై అండీ."

కిటికీ దగ్గర కూనిరాగం కూడా ఆగింది.

"ఎనభైకి ఎలా వచ్చాయిరా బాబూ?"

"తొంభై అని వేశాను కదండీ. మీరు చెప్పినట్టే." మెకానిక్కు ఫోను తీసి చూపించాడు. మూడు వారాల కిందట సుమారు గ్రూపులో రాసిన జాబు ఫొటో తీసి, ఫోను తెర మీద బొమ్మగా పెట్టుకున్నాడు. అందులో ఇలా ఉంది: 'పరీక్ష అయ్యాక వేద్దాం, మార్కులొచ్చాక వేద్దాం అని కూర్చుంటే బస్సు వెళ్ళిపోతుంది. తేదీ ముఖ్యం. ముందు కర్చీఫ్ వేయండి.'

సుమారు ఆ జాబు రాసిన రోజున దాన్ని తనే నాలుగుసార్లు చదువుకుని నవ్వుకున్నాడు. ఇప్పుడు ఐదోసారి చదివాడు.

"నేనన్నది ఉన్న పాయింట్లతో ముందు వేయమని కదయ్యా."

"ఉన్న పాయింట్లతో వేస్తే అది కూర్చోవడం అవుతుందండీ. కర్చీఫ్ వేసేది ఇంకా ఎక్కని మనిషికి కదా. పరీక్షలో ఆ పది ఎలాగూ వస్తాయి, వచ్చాక కూర్చుందాం అని వేశా."

"సరే, ఒకటి వేయొచ్చు కదా. నాలుగెందుకు?"

"ఏసీ మెకానిక్కుగా ఒకటి. ఫ్రిజ్ మెకానిక్కుగా ఒకటి. ఎలక్ట్రీషియనుగా ఒకటండీ."

"మూడే అయ్యాయి."

"నాలుగోది మళ్ళీ ఏసీ మెకానిక్కుగానే. మొదటిది సరిగ్గా పడిందో లేదోనని." వినయంగా అన్నాడు. "నేనొక్కణ్ణే కాదండీ. మన గ్రూపులో అందరూ అంతే. మీ మాట జవదాటినవాడు ఒక్కడు లేడు. ఒకడు రెండేస్తే ఇంకొకడు నాలుగేసి, తలా మూడు చొప్పున వేశారు."

సుమారు పెన్సిలు తీసుకున్నాడు. ఒద్దనుకుంటూనే తీసుకున్నాడు. పన్నెండు వందల డెబ్భైలోంచి పాత మూడు వందల పది తీసేస్తే తొమ్మిది వందల అరవై. గ్రూపులో ఉన్నది మూడు వందల ఇరవైమంది. మూడు వందల ఇరవై మూళ్ళు తొమ్మిది వందల అరవై.

జీవితంలో మొదటిసారి ఒక లెక్క 'సుమారు' అక్కర్లేకుండా తేలింది.

పెన్సిలు బల్ల మీద దొర్లి కింద పడింది. ఎవరూ తీయలేదు. సుమారు మళ్ళీ పట్టిక వైపు చూశాడు. పై గడిలో శాఖవాళ్ళు స్పష్టంగానే రాశారు: పత్రాల సంఖ్య. మూడేళ్ళుగా ఆ మాట ప్రతి నెలా అక్కడే ఉంది. అందులో 'మంది' అన్న మాట ఎక్కడా లేదు. ఆ 'మంది'ని తగిలించినవాడు తను. మూడొందల పది పత్రాలని మూడొందల పదిమంది అన్నాడు. నోటికి అలవాటైన ఆ రెండక్షరాలే కాగితాలకి కాళ్ళూ చేతులూ మొలిపించి, వరసలో నిలబెట్టి, మరదలిని వెనక్కి నెట్టాయి. శాఖవాళ్ళు దాన్ని ఆసక్తి పత్రం అన్నారు. గ్రూపువాళ్ళు దాన్ని అత్యాసక్తి పత్రం చేశారు. ఆ అత్యాశకి శక్తినిచ్చింది మాత్రం గురువుగారే.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. ఫ్యాక్టరీలో ఆయన ఈ తప్పు ఎప్పుడూ చేయలేదు. రేపు బ్రెడ్డు దొరకదని పుకారు పుడితే కొట్టువాళ్ళు ముప్ఫై కావలసినచోట అరవై రాస్తారు. ఆయన ఆ కాగితం చూసి నవ్వి ముప్ఫై రెండు పంపుతాడు. అడిగినన్ని బ్రెడ్లు తినే నోళ్ళు ఊళ్ళో లేవని ఆయనకి తెలుసు. అక్కడ నోళ్ళు లెక్కపెట్టే మనిషి, ఇక్కడ నోరు తెరుచుకుని కాగితాలు లెక్కపెట్టాడు.

మరదలు మెల్లగా వచ్చి ఆయనకి ఎదురుగా కూర్చుంది.

"బావా, నా ముందు అసలు ఎంతమంది ఉన్నారు?"

"పత్రాలైతే..."

"పత్రాలు కాదు. మనుషులు."

"మూడొందల పది. ఎనభై ఐదులో నీకు ముందున్నవాళ్ళు సుమారు నూట నలభై. అంతకన్నా తక్కువే ఉండొచ్చు."

"అంటే ఇవాళ్టి ఐదొందల్లో నేను ఉండాలి."

సుమారు వంగి కింద పడ్డ పెన్సిలు వెతికాడు.

"ఉండాలా లేదా?"

"ఉండాలి."

"మీ అంచనా సరిగ్గానే ఉంది అయితే." ఆమె గొంతు పెంచలేదు. స్కానింగ్ గదిలో మాట్లాడే గొంతే అది. ఎదుటి మనిషికి లోపల ఏం కనబడిందో వెంటనే తెలియనివ్వని గొంతు. 'నువ్వు' కాస్తా 'మీరు' అయిపోవడం మాత్రం ఆయనకి వినబడింది. "నాకు తెర మీద మచ్చ కనబడితే ముందు ఒంటి మీద ఆనించే ప్రోబ్ తుడుస్తాను. తుడిచి మళ్ళీ పెట్టి చూస్తాను. దుమ్మయితే పోతుంది, మచ్చయితే ఉంటుంది. మూడేళ్ళలో మీరొక్కసారి తుడిచి చూడలేకపోయారా?"

మెకానిక్కుకి సగం అర్థమై సగం కాలేదు. అర్థమైన సగం మంచిది కాదని మొహం చూస్తే తెలుస్తోంది. కేకు డబ్బా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"గురువుగారూ, ఈ టైములో అడగకూడదేమో. నాలుగిట్లో ఏది నొక్కమంటారు? మీ చేత్తో నొక్కిద్దామని వచ్చా."

"ఇంకా నొక్కలేదు కదా?"

"లేదండీ."

"ముట్టుకోకు. ఆహ్వానం వచ్చిన రోజుకి ఆ మార్కులు నీ చేతిలో ఉండాలి. రేపు రాస్తాను, ఎల్లుండి తెస్తాను అంటే కుదరదు. నొక్కకుండా వదిలేస్తే గడువు తీరాక అదే పోతుంది, ఎవరూ ఏమీ అనరు. 'అంగీకరిస్తున్నాను, రాసినదంతా నిజం' అని నొక్కావో, అబద్ధానికి సంతకం పెట్టినట్టు. తేలిందంటే మూడేళ్ళు ఈ దేశం గడప తొక్కనివ్వరు."

"నాలుగూ అంతేనా?"

"నాలుగూ అంతే."

"ఇంట్లో పిల్లలకి చెప్పేశానండీ," అన్నాడు మెకానిక్కు. కేకు డబ్బా బల్ల మీద పెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. వెనక్కి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. మెట్ల మీద అతని బూట్ల చప్పుడు ఒక్కో అంతస్తూ ఆగి ఆగి దిగింది.

మరదలు కార్డు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"ఐదొందల సీట్లు. మూడొందల పది పోగా మిగిలినవన్నీ కర్చీఫులే. వాటిల్లో కూర్చునేవాడు ఒక్కడూ లేడు. నిజం రాసి ఒకే ఒక్కటి వేసినదాన్ని నేను నిలబడే ఉన్నా."

"రెండు," అంది అక్క.

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు. నల్ల ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని, విప్పిన దారం వేళ్ళకి చుట్టుకుని ఉంది. మెకానిక్కు నోట 'నాలుగు' విన్నప్పుడు ఆవిడ మొహంలో వచ్చిన వెలుగు, 'సంతకం' అన్న దగ్గర ఆరిపోయిన సంగతి అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

"నీవి రెండున్నాయే. ఇంకోటి నేను వేశాను."

"ఎప్పుడు?"

"నువ్వు పరీక్ష సీటు వదిలేసిన రోజు. ఈయన అంచనా మీద నాకు నమ్మకం ఉంది. కానీ ఈయన మీద లేదు." భర్త వైపు చూడకుండానే అంది. "నీ కాగితాలన్నీ నా బీరువాలోనే ఉన్నాయి కదా. కొత్త మెయిలు ఒకటి తెరిచి వేశా. భాష దగ్గర ఐదు కలిపి తొంభై అని పెట్టా. నేనేం కొత్తగుడ్డ తెచ్చి అతికించలేదే. నువ్వు రాస్తే ఆ ఐదూ వస్తాయి. లోపల మడతలో ఉన్నదే, విప్పితే పొడుగవుతుంది అనుకున్నా. నా పనే అది."

సుమారుకి ఈసారి నోరు తెరుచుకోవడానికి కూడా ఖాళీ దొరకలేదు.

"దానికి ఆహ్వానం వచ్చిందా?" అంది మరదలు.

"పొద్దున తొమ్మిదింటికి."

మరదలు లేచి వెళ్ళి అక్క పక్కన నేల మీద కూర్చుంది. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది.

"సర్లే అక్కా. బావ ఇప్పుడే చెప్పాడుగా. ముట్టుకోకపోతే దానంతట అదే పోతుంది. నా కోసమే చేశావు. ఏం కాదు."

అక్క దారం వేలి చుట్టూ ఇంకో చుట్టు తిప్పింది. వేలి కొస తెల్లబడింది.

"అక్కా. నొక్కావా?"

"నీ పుట్టినరోజుకి చెబుదామనుకున్నా," అంది అక్క. "తొమ్మిదీ ఐదుకి నొక్కాను. కింద సంతకం చోట నీ పేరు రాశాను."

కిటికీ అవతల ఎదురు మేడ మీద ఎవరో దుప్పటి దులుపుతున్నారు. మూడేళ్ళు అంటే ఎన్ని రోజులో సుమారు మనసులో లెక్క కట్టబోయి, అది తన పని కాదని గుర్తొచ్చి ఆపేశాడు.

"ఫోనివ్వు," అంది మరదలు.

"ఎవరికే?"

"శాఖకి. వాళ్ళు పట్టుకునేలోపు మనమే చెప్పాలి."

"ఆగు, ఆలోచిద్దాం," అన్నాడు సుమారు.

"మీరు ఆలోచించేశారు బావా, మూడు వారాల కిందటే."

ఆమె నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. సంగీతం వచ్చింది, ఆగింది, మళ్ళీ వచ్చింది. పదహారు నిమిషాల తర్వాత ఒక ఆవిడ గొంతు పలికింది. అలసిన గొంతే, కానీ దురుసుగా లేదు. మరదలు తన నంబరు చెప్పి, తన పేరున తెలియకుండా ఇంకో పత్రం పడిందనీ, దానికి ఆహ్వానం వచ్చిందనీ, ఎవరో అంగీకారం కూడా ఇచ్చారనీ, అందులోని మార్కులు తనవి కావనీ ఒక్క ఊపిరిలో చెప్పింది.

అవతల కీబోర్డు చప్పుడు.

"మంచి పని చేశారు చెప్పి. పొద్దుటినుంచీ మీలాంటివి చాలా వస్తున్నాయి. ఈ విడతలో నకిలీ పత్రాలు ఎక్కువయ్యాయని మాకూ తెలిసింది. శుక్రవారంలోపు వాటిని ఏరేసి, ఆ ఆహ్వానాలు కిందివాళ్ళకి పంపుతాం. మీ అసలు పత్రం ఎనభై ఐదు, తేదీ పాతది. మీదాకా వస్తుంది."

మరదలు కళ్ళు మూసుకుంది. పదకొండు రోజుల్లోపు శుక్రవారం ఒకటి ఉంది. సుమారు బల్ల మీద చెయ్యి వేసి మెల్లగా కూర్చున్నాడు.

"అయితే మీ పేరున ఉన్న మచ్చ ముందు తీయాలి," అంది అవతలి గొంతు. "రెండో పత్రం మీరే వేసి ఉంటే రెండూ కొట్టేస్తాం, మూడేళ్ళ నిషేధం పడుతుంది. మీకు తెలియకుండా ఇంకొకరు వేసి ఉంటే మీకేం కాదు. అది వాళ్ళ మీద కేసు. వాళ్ళు ఇక్కడ పర్మిట్టు మీద ఉంటే దాన్ని రద్దు చేసే సంగతీ చూస్తాం. ఇప్పుడే నమోదు చేసుకుంటున్నాను, తర్వాత మార్చడానికి వీలుండదు. చెప్పండి, ఎవరు వేశారు?"

మరదలు కళ్ళు తెరిచింది. అక్క ఆమెనే చూస్తోంది. చూస్తూ, చెప్పేయమన్నట్టు తల ఊపింది.

"లైన్లో ఉన్నారా అండీ?" అంది అవతలి గొంతు. "ఎవరు?"